కమాండ్ నడిచింది సరే... రుజువేది?

లినక్స్ వచ్చు, పైతాన్ వచ్చు, క్లౌడ్ కోర్సు కూడా పూర్తయింది. రెజ్యూమె నిండుగానే ఉంది. అయినా సిస్టమ్ అడ్మిన్, నెట్‌వర్క్ సపోర్ట్, డెవాప్స్ ఇంటర్వ్యూల్లో ఒక మామూలు ప్రశ్న దగ్గర తడబాటు మొదలవుతుంది. దూరాన ఉన్న మెషిన్ మీద కమాండ్ నడపడం ఒక ఎత్తు. అది ఏం జవాబు చెప్పిందో పొల్లు పోకుండా పట్టుకోవడం మరో ఎత్తు. ఈ రెండో పని వచ్చినవారికే కొలువు దగ్గరవుతుంది. దాన్ని డబ్బు ఖర్చు లేకుండా, హాస్టల్ గదిలోనే నేర్చుకోవచ్చు!

ఇంటర్వ్యూ ఇలా సాగుతోందనుకుందాం.

‘‘మా దగ్గర 40 సర్వర్లున్నాయి. కొన్ని లినక్స్, కొన్ని విండోస్, రెండు మూడు మ్యాక్‌లు. ప్రతిదాని డిస్కులో ఎంత ఖాళీ ఉందో రోజూ ఉదయం 9 గంటలకల్లా రిపోర్టు కావాలి. ఏం చేస్తారు?’’

‘‘సర్, సర్వర్ల పేర్లన్నీ ఒక ఫైల్లో పెట్టి లూప్ రాస్తాను. ఒక్కోదానికీ ఎస్‌ఎస్‌హెచ్‌తో కనెక్టయి, కమాండ్ నడిపి, వచ్చిందంతా ఫైల్లోకి పంపిస్తాను.’’

‘‘బాగుంది. రిపోర్టు తెరిస్తే 38 వరసలే ఉన్నాయి. మిగతా రెండు ఏమయ్యాయి?’’

ఇక్కడే చాలామంది నిశ్శబ్దమైపోతారు. ఆ రెండు సర్వర్లూ ఆగిపోయాయా? లాగిన్ కుదరలేదా? లాగిన్ అయ్యాక కమాండ్ ఫెయిలయిందా? లేక స్క్రిప్టు వాటి దాకా వెళ్లనే లేదా? ఈ నాలుగూ వేర్వేరు సమస్యలు. నాలుగింటికీ చేయాల్సిన పనులు వేరు. రిపోర్టులో మాత్రం నాలుగూ ఒకేలా కనిపిస్తున్నాయి... అంటే, అసలు కనిపించడం లేదు.

అందుకే మొదటి సూత్రం ఇదీ: 40 పేర్లు ఇస్తే 40 వరసలు రావాలి. విజయమైనా, వైఫల్యమైనా ప్రతి మెషిన్‌కూ ఒక జవాబు ఉండాలి. మౌనాన్ని విజయంగా లెక్కేసే స్క్రిప్టు, స్క్రిప్టు లేకపోవడం కన్నా ప్రమాదం.

బ్యాకప్ ఉందనుకున్నారు!

ఇది పరీక్షల కోసం చెప్పే మాట కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ డాట్‌కామ్‌లో జరిగింది చూడండి. డేటాబేస్ సమస్యను సరిచేస్తున్న ఇంజినీరు ఒక సర్వర్‌లో నడపాల్సిన డిలీట్ కమాండ్‌ను పొరపాటున మరో సర్వర్‌లో, అంటే ప్రధాన డేటాబేస్ ఉన్నదాంట్లో నడిపారు. పొరపాటు గ్రహించి ఆపేలోపే దాదాపు 300 జీబీ డేటా పోయింది.

‘బ్యాకప్ ఉందిగా’ అనుకుని వెతికితే అక్కడా ఏమీ లేదు. రోజూ నడవాల్సిన బ్యాకప్ ప్రోగ్రామ్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో ఫెయిలవుతోంది. ఎర్రర్ వచ్చింది, దాన్ని తెలిపే ఈమెయిల్ కూడా బయల్దేరింది. కానీ ఆ మెయిళ్లను అందుకునే సర్వర్ తిరస్కరించింది. ఎవరికీ తెలియలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండటంతో దాన్నుంచి కోలుకున్నారు. ఆ మధ్య కాలంలో జరిగిన మార్పులు మాత్రం పోయాయి. జరిగినదంతా ఆ సంస్థే బహిరంగంగా రాసి పెట్టింది. ఈ రంగంలోకి రావాలనుకునేవారు ఆ నివేదికను ఒక్కసారైనా చదవాలి.

ఇందులో మనకు రెండు పాఠాలు. ఏ మెషిన్ మీద ఉన్నామో స్క్రిప్టు ముందే సరిచూడాలి. కమాండ్ చెప్పిన జవాబు మనిషికి చేరాలి. సపోర్టు టీమ్‌లో కొత్తగా చేరిన ఎల్1 ఇంజినీరు నుంచి డెవాప్స్ ఇంజినీరు వరకూ రోజూ చేసే పనిలో సింహభాగం ఈ రెండే.

మూడు గొట్టాలు, ఒక అంకె

ప్రతి కమాండ్‌కూ మూడు గొట్టాలుంటాయి అనుకోండి. ఒకదాంట్లోంచి మన ఇన్‌పుట్ లోపలికి వెళ్తుంది. రెండోదాంట్లోంచి మామూలు అవుట్‌పుట్ వస్తుంది. మూడోదాంట్లోంచి ఎర్రర్ సందేశాలు వస్తాయి. వీటికి 0, 1, 2 అని నంబర్లు. తెరమీద రెండూ మూడూ కలిసిపోయి కనిపిస్తాయి కాబట్టి ఒకటే అనుకుంటాం. ఫైల్లోకి మళ్లించేటప్పుడు తేడా తెలుస్తుంది. ‘>’ గుర్తు మామూలు అవుట్‌పుట్‌ను మాత్రమే మళ్లిస్తుంది. ఎర్రర్ కూడా ఆ ఫైల్లోకే రావాలంటే దాని తర్వాత ‘2>&1’ అని చేర్చాలి. విడిగా కావాలంటే ‘2>’ పెట్టి మరో ఫైలు పేరు ఇవ్వాలి. రిపోర్టు స్క్రిప్టులో విడిగా ఉంచడమే మేలు.

ఇవి కాక నాలుగోది ఒక అంకె. పేరు ఎగ్జిట్ కోడ్. పని పూర్తవగానే కమాండ్ చెప్పే ఆఖరి మాట అది. 0 అంటే సరిగా అయింది. వేరే అంకె వస్తే ఏదో ఉంది. బాష్‌లో ‘$?’ అని అడిగితే ఈ అంకె తెలుస్తుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎర్రర్‌లెవెల్, పవర్‌షెల్‌లో లాస్ట్‌ఎగ్జిట్‌కోడ్ అనే వేరియబుళ్లలో ఉంటుంది.

ఎస్‌ఎస్‌హెచ్ ఇక్కడ ఒక మంచి పని చేస్తుంది. అవతలి మెషిన్‌లో కమాండ్ ఏ అంకె ఇచ్చిందో దాన్నే మనకు తెచ్చి ఇస్తుంది. కనెక్షనే కుదరకపోతే 255 ఇస్తుంది. అంటే ఆ రెండు సర్వర్ల గుట్టు విప్పడానికి సగం సమాచారం మన చేతిలోనే ఉంది. 255 వస్తే ‘చేరలేకపోయాం’, 0 వస్తే ‘సరే’, మిగతావి వస్తే ‘చేరాం కానీ కమాండ్ ఫెయిల్’.

కానీ రెండు మెలికలున్నాయి. ఇవి ఇంటర్వ్యూల్లో అడగదగ్గవి.

మొదటిది: అవుట్‌పుట్‌ను తెరమీద చూస్తూ ఫైల్లోకి కూడా పంపాలని ‘టీ’ కమాండ్‌కు పైప్ చేస్తాం కదా? అప్పుడు బాష్ మనకు చెప్పే అంకె పైప్‌లో చివర ఉన్న కమాండ్‌ది. అంటే ‘టీ’ది. సర్వర్ కూలిపోయినా ‘టీ’ తన పని తాను చక్కగా చేసింది కాబట్టి 0 వస్తుంది! దీనికి విరుగుడు, స్క్రిప్టు మొదట్లో ‘పైప్‌ఫెయిల్’ ఆప్షన్ పెట్టుకోవడం.

రెండోది: 0 కానిదంతా తప్పు కాదు. ‘గ్రెప్’ వెతికిన పదం దొరక్కపోతే 1 ఇస్తుంది. అది ఎర్రర్ కాదు, ‘దొరకలేదు’ అనే జవాబు. విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే ‘రోబోకాపీ’ అయితే ఫైళ్లు చక్కగా కాపీ అయినా 1 ఇస్తుంది. దానికి 8, ఆపైన వస్తేనే వైఫల్యం. ఈ సంగతి తెలియని స్క్రిప్టు బాగా జరిగిన కాపీని కూడా ‘ఫెయిల్’ అని రాసి రాత్రి షిఫ్టు వాళ్లను నిద్ర లేపుతుంది.

ఒకే ప్రశ్న, మూడు జవాబులు

డిస్కులో ఖాళీ ఎంత? ఈ ఒక్క ప్రశ్నకే మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు మూడు రకాలుగా బదులిస్తాయి.

లినక్స్‌లో ‘డీఎఫ్’ కమాండ్ మామూలుగా 1024 బైట్ల లెక్కన చెబుతుంది. మ్యాక్‌లో అదే పేరున్న కమాండ్ 512 బైట్ల లెక్కన చెబుతుంది. ఈ తేడా పట్టించుకోకుండా రెండింటినీ ఒకే పట్టికలో వేస్తే మ్యాక్‌లో ఖాళీ రెట్టింపు కనిపిస్తుంది. స్క్రిప్టులో ఎక్కడా ఎర్రర్ ఉండదు, అంకె మాత్రం తప్పు. ‘హైఫన్ కే’ ఆప్షన్ ఇస్తే రెండూ ఒకే కొలతకు వస్తాయి. విండోస్‌లో ‘డీఎఫ్’ లేదు. పవర్‌షెల్‌లో ‘గెట్-వాల్యూమ్’ అడిగితే, అందులో ‘సైజ్‌రిమెయినింగ్’ అనే విలువ బైట్లలో ఉంటుంది.

‘పింగ్’ సంగతీ అంతే. విండోస్‌లో నాలుగుసార్లు పంపి ఆగిపోతుంది. లినక్స్, మ్యాక్‌లలో మనం ఆపేదాకా సాగుతూనే ఉంటుంది. విండోస్ అలవాటుతో రాసిన స్క్రిప్టును లినక్స్‌లో నడిపితే రాత్రంతా ఆ లైను దగ్గరే కూర్చుంటుంది. ఎన్నిసార్లు పంపాలో చెప్పే ఆప్షన్ కూడా విండోస్‌లో ‘హైఫన్ ఎన్’, మిగతా రెండింట్లో ‘హైఫన్ సీ’.

కంటికి కనిపించని తేడాలు ఇంకా ఎక్కువ సతాయిస్తాయి. విండోస్‌లో ప్రతి లైను చివర రెండు గుర్తులుంటాయి. పాత టైప్‌రైటర్ల నుంచి వచ్చిన క్యారేజ్ రిటర్న్ ఒకటి, లైన్ ఫీడ్ మరొకటి. లినక్స్, మ్యాక్‌లలో లైన్ ఫీడ్ ఒక్కటే. విండోస్ నోట్‌ప్యాడ్‌లో తయారుచేసిన సర్వర్ల జాబితాను లినక్స్ స్క్రిప్టుకు ఇస్తే, ప్రతి పేరు చివరా ఒక కనిపించని గుర్తు తోకలా అంటుకుని వస్తుంది. ‘అలాంటి హోస్ట్ లేదు’ అని ఎర్రర్. తెరమీద చూస్తే పేరు సరిగ్గానే ఉంటుంది! జాబితాను ‘డాస్‌టుయునిక్స్’ లాంటి కమాండ్‌తో శుభ్రం చేస్తే సరిపోతుంది.

అక్షరాల ఎన్‌కోడింగ్ మరో తలనొప్పి. విండోస్‌తో పాటు వచ్చే పాత పవర్‌షెల్ 5.1లో ‘>’ గుర్తుతో ఫైల్లో రాస్తే యూటీఎఫ్-16లో రాస్తుంది. పవర్‌షెల్ 7 అయితే యూటీఎఫ్-8లో రాస్తుంది. లినక్స్ లోకమంతా యూటీఎఫ్-8. అందుకే పాత పవర్‌షెల్ రాసిన లాగ్‌ను లినక్స్‌కు తెచ్చి ‘గ్రెప్’తో వెతికితే, కళ్లెదుట ఉన్న పదం కూడా దొరకదు. మన భాషలో ఫైలు పేర్లుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ‘తెలుగు’ అనే పదం యూటీఎఫ్-8లో 18 బైట్లు, యూటీఎఫ్-16లో 12 బైట్లు. ఒకదాన్ని మరొకటి అనుకుని చదివితే తెరమీద పిచ్చి గుర్తులే.

మరి దీనికి దారి? వీలైనచోట అవుట్‌పుట్‌ను మనుషులు చదివే పట్టికలా కాకుండా, ప్రోగ్రాములు చదివే రూపంలో అడగండి. పవర్‌షెల్‌లో ఫలితాన్ని ‘కన్వర్ట్‌టు-జేసన్’కు పంపితే జేసన్‌గా ఇస్తుంది. లినక్స్‌లోనూ చాలా కొత్త కమాండ్లకు జేసన్ ఆప్షన్ ఉంది. పట్టికలో ఖాళీలు లెక్కపెట్టి అంకెను కత్తిరించే పని తప్పుతుంది.

కమాండ్ ఎక్కడ నడుస్తోంది? ఫైలు ఎక్కడ పడుతోంది?

ఇది చిన్న విషయంలా ఉంటుంది, కానీ అనుభవం ఉన్నవారెవరో లేనివారెవరో దీనితో తెలిసిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు ఇచ్చే కమాండ్‌ను, ‘>’ గుర్తుతో సహా మొత్తంగా కోట్స్‌లో పెడితే, ఫైలు అవతలి మెషిన్‌లో తయారవుతుంది. ‘>’ గుర్తు కోట్స్ బయట ఉంటే ఫైలు మన మెషిన్‌లో తయారవుతుంది. అలాగే బాష్‌లో డబుల్ కోట్స్ లోపల రాసిన వేరియబుల్ విలువను మన షెల్ ముందే నింపి పంపుతుంది. సింగిల్ కోట్స్‌లో రాస్తే అది అలాగే వెళ్లి అవతలి మెషిన్‌లో తెరుచుకుంటుంది. డిలీట్ కమాండ్‌లో ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో ఊహించుకోండి!

ఇంకోటి. చేత్తో లాగినై కొడితే చక్కగా పనిచేసే కమాండ్ స్క్రిప్టు నుంచి పంపితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అనొచ్చు. మనం లాగినైనప్పుడు చదివే సెట్టింగుల ఫైళ్లన్నిటినీ, ఇలా ఒక్క కమాండ్ కోసం వెళ్లినప్పుడు షెల్ చదవదు. దాంతో ప్రోగ్రాములు ఎక్కడున్నాయో చెప్పే ‘పాత్’ వేరుగా ఉంటుంది. ప్రోగ్రాము పూర్తి దారిని రాయడమే తేలికైన పరిష్కారం. విండోస్‌లో అయితే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మామూలుగా మనల్ని పాత కమాండ్ ప్రాంప్ట్‌లోకి తీసుకెళ్తుంది. పవర్‌షెల్ కావాలంటే పేరు పెట్టి పిలవాలి.

మనిషిలా టైప్ చేసే స్క్రిప్టు

టెల్నెట్ కాలంలో పాస్‌వర్డ్ కూడా నెట్‌వర్క్‌లో తెరిచిన ఉత్తరంలా వెళ్లేది. ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక, అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేశారు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను ఉచితంగా అందించింది. విండోస్‌లో చాలాకాలం దీనికోసం సైమన్ టాథమ్ తయారుచేసిన పుట్టీ, దాని తోడుగా స్క్రిప్టులకు పనికొచ్చే ప్లింక్ దిక్కు. 2018 నుంచి విండోస్ 10లోనే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ వస్తోంది. 2016లో పవర్‌షెల్ ఓపెన్‌సోర్స్ అయి లినక్స్, మ్యాక్‌లకూ చేరింది. అంటే ఇప్పుడు మూడు సిస్టమ్‌లకూ ఉమ్మడి దారి ఉంది.

అయితే కొన్ని పరికరాలు కమాండ్ ఇస్తే జవాబిచ్చి ఊరుకోవు. ‘పాస్‌వర్డ్?’, ‘కొనసాగించాలా?’ అంటూ మధ్యమధ్యలో ప్రశ్నలడుగుతాయి. ఇలాంటివాటి కోసమే అమెరికాలోని ఎన్‌ఐఎస్‌టీ సంస్థలో పనిచేసిన డాన్ లైబ్స్ 1990 ప్రాంతంలో ‘ఎక్స్‌పెక్ట్’ రూపొందించారు. దాని పద్ధతి చాలా సింపుల్. ఫలానా మాట కనిపించేదాకా ఆగు, కనిపించగానే ఇది టైప్ చెయ్. పైతాన్‌లో ఇదే పని చేసే లైబ్రరీ ‘పీఎక్స్‌పెక్ట్’.

ఇది పనిచేస్తుంది, కానీ అద్దంలాంటిది. అవతల సాఫ్ట్‌వేర్ అప్‌డేటై ‘పాస్‌వర్డ్’కు బదులు ‘పాస్‌కోడ్’ అని అడిగిందా, స్క్రిప్టు ఎదురుచూస్తూనే ఉంటుంది. పైగా ఇలాంటి సెషన్‌లో మామూలు అవుట్‌పుట్, ఎర్రర్ ఒకే గొట్టంలో కలిసిపోతాయి. రంగుల కోడ్‌లు, క్యారేజ్ రిటర్న్‌లు లాగ్‌లో చేరిపోతాయి. అందుకే ఎక్స్‌పెక్ట్ ఆఖరి దారి కావాలి. మొదటిది కాకూడదు.

నెట్‌వర్క్ వైపు వెళ్లేవారికి మరో చిట్కా. సిస్కో స్విచ్‌లో పెద్ద అవుట్‌పుట్ అడిగితే ఒక పేజీ చూపించి ‘మోర్’ అని ఆగుతుంది. స్క్రిప్టు అక్కడే చిక్కుకుంటుంది. ముందుగా ‘టెర్మినల్ లెంగ్త్ 0’ అని ఇస్తే ఆగకుండా మొత్తం వస్తుంది. పైతాన్‌లో ‘నెట్‌మికో’ లైబ్రరీ ఇలాంటి తేడాలను తనే చూసుకుంటుంది. సర్వర్ల కోసం ‘పారామికో’ ఉంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్... మూడు గొట్టాలనూ విడివిడిగా మన చేతికిస్తుంది, ఎగ్జిట్ కోడ్ కూడా అడిగి తీసుకోవచ్చు. మెషిన్లు వందల్లోకి వెళ్లాక ‘యాన్సిబుల్’ లాంటి సాధనం నేర్చుకోవాలి. లినక్స్‌కు ఎస్‌ఎస్‌హెచ్, విండోస్‌కు విన్‌ఆర్‌ఎం ద్వారా వెళ్లి, ఏది మారింది, ఏది ఫెయిలయింది, దేన్ని చేరలేకపోయింది అన్నది మెషిన్ వారీగా లెక్క చెబుతుంది. మొదట చిన్న స్క్రిప్టు మీరే రాసి ఉంటే, ఆ లెక్క విలువేంటో అప్పుడు అర్థమవుతుంది.

ఒక్క వరసే వచ్చిందా?

బాష్‌లో కొత్తగా లూప్ రాసేవారికి దాదాపు తప్పనిసరిగా ఎదురయ్యే చిక్కు ఇది. ఫైల్లోంచి ఒక్కో పేరూ చదివే ‘వైల్’ లూప్ రాస్తారు. 40 పేర్లు ఇస్తారు. మొదటి సర్వర్ జవాబు వస్తుంది. లూప్ ఆగిపోతుంది. ఎర్రర్ ఉండదు!

కారణం ఏంటంటే, లూప్ ఏ ఇన్‌పుట్ గొట్టంలోంచి పేర్లు చదువుతోందో, ఎస్‌ఎస్‌హెచ్ కూడా అదే గొట్టంలోంచి చదువుతుంది. మిగిలిన 39 పేర్లనూ తీసుకెళ్లి మొదటి సర్వర్‌కు ఇన్‌పుట్‌గా ఇచ్చేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు ‘హైఫన్ ఎన్’ ఆప్షన్ ఇస్తే చాలు, ఇన్‌పుట్ జోలికి పోదు.

దీంతోపాటు మరో రెండు సెట్టింగులు అలవాటు చేసుకోండి. ‘బ్యాచ్‌మోడ్’ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చోకుండా వెంటనే ఫెయిలవుతుంది. ‘కనెక్ట్‌టైమౌట్’ పెడితే ఆగిపోయిన సర్వర్ కోసం నిమిషాల తరబడి ఎదురుచూడదు. కనెక్టయ్యాక కమాండే వేలాడిపోతే? లినక్స్‌లో ‘టైమౌట్’ కమాండ్ గడువు దాటగానే దాన్ని ఆపి 124 ఇస్తుంది. ఇప్పుడు మన రిపోర్టులో నాలుగు రకాల జవాబులకూ చోటు దొరికింది: సరే, కమాండ్ ఫెయిల్, చేరలేదు, గడువు దాటింది.

తాళంచెవులు భద్రం

స్క్రిప్టులో పాస్‌వర్డ్ రాయొద్దు. ‘తర్వాత తీసేస్తాలే’ అనుకుని గిట్‌హబ్‌లో పెట్టేశాక, ఆ లైను చెరిపినా పాత వెర్షన్లలో అలాగే ఉంటుంది. పాస్‌వర్డ్ బదులు కీ జత వాడాలి. ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్’తో తయారుచేసుకుని, పబ్లిక్ కీని మాత్రమే అవతలి మెషిన్‌లో పెట్టాలి. విండోస్‌లో అడ్మిన్ ఖాతాకైతే ఈ కీ యూజర్ ఫోల్డర్‌లో కాకుండా, ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో అడ్మిన్ల కోసం ఉన్న ప్రత్యేక ఫైల్లో ఉండాలి. ఇది తెలియక గంటలు పోగొట్టుకుంటారు.

మొదటిసారి కనెక్టయినప్పుడు ‘ఈ మెషిన్ అదేనా?’ అని ఎస్‌ఎస్‌హెచ్ అడుగుతుంది. ఈ తనిఖీనే ఆపేయమని ఇంటర్నెట్‌లో సలహాలు దొరుకుతాయి. ల్యాబ్‌లో ఏమో గానీ ఉద్యోగంలో అలా చేయకూడదు. వీధిలో పోయేవాడెవడో చూడకుండా తాళాలు ఇచ్చినట్టే. తెలిసిన మెషిన్ల గుర్తింపులను ముందే జాబితాలో చేర్చుకోవాలి.

ఇంకొక హెచ్చరిక. కాలేజీ సర్వర్ మీదో, స్నేహితుడి కంప్యూటర్ మీదో అనుమతి లేకుండా ‘ప్రయోగం’ చేయొద్దు. ఐటీ చట్టం-2000లోని 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల వరకూ జైలు, రూ.5 లక్షల వరకూ జరిమానా పడే అవకాశం ఉంది.

గదిలోనే ల్యాబ్

సాధన కోసం సర్వర్లు కొనక్కర్లేదు. ఒక విండోస్ ల్యాప్‌టాప్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్ చాలు.

ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ ఇన్‌స్టాల్ చేస్తే ఉబుంటు వస్తుంది. స్క్రిప్టు రాసేది ఇక్కడ.

ఫోన్‌లో ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ వేసుకుని, అందులో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ పెడితే ఫోనే ఒక లినక్స్ సర్వర్. మామూలు 22 కాకుండా 8022 పోర్టులో వింటుంది.

విండోస్ సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను చేర్చుకుంటే మీ ల్యాప్‌టాపే రెండో సర్వర్.

రూమ్మేట్‌కు మ్యాక్ ఉంటే, వారు ఒప్పుకుంటే, షేరింగ్ సెట్టింగ్స్‌లో ‘రిమోట్ లాగిన్’ ఆన్ చేస్తే మూడోది. ర్యామ్ చాలినంత ఉంటే వర్చువల్‌బాక్స్‌లో మరో లినక్స్ పెట్టుకోవచ్చు. హాస్టల్ వైఫై పరికరాలను ఒకదానికొకటి కనిపించనీయకపోతే ఫోన్ హాట్‌స్పాట్ వాడండి.

ఇక నాలుగు వారాల ప్రణాళిక:

మొదటి వారం: కీలతో లాగిన్. ఒక్కో మెషిన్‌కూ ఒక కమాండ్ పంపి అవుట్‌పుట్, ఎర్రర్, ఎగ్జిట్ కోడ్‌లను మూడు చోట్ల దాచడం.

రెండో వారం: లూప్, టైమౌట్, నాలుగు రకాల జవాబులు. ప్రతి వరసలో మెషిన్ పేరు, సమయం, ఆపరేటింగ్ సిస్టమ్, ఎగ్జిట్ కోడ్, ఖాళీ ఎంత అన్నవి ఉండాలి. సమయం రాసేటప్పుడు టైమ్‌జోన్ కూడా రాయండి. క్లయింట్ అమెరికాలో ఉంటే ‘9 గంటలు’ అంటే ఎవరి 9 గంటలో తెలియాలి కదా!

మూడో వారం: కావాలనే చెడగొట్టండి. ఫోన్‌లో వైఫై ఆపేయండి. కీ తీసేయండి. కమాండ్ పేరులో అక్షరం మార్చండి. జాబితాను నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేయండి. తెలుగు పేరుతో ఫైలు పెట్టండి. ప్రతిసారీ రిపోర్టు నిజం చెబుతోందా? అసలు చదువు ఈ వారంలోనే.

నాలుగో వారం: అదే పనిని పారామికోతో, తర్వాత యాన్సిబుల్‌తో చేసి, తేడాలు రాసుకోండి. యాన్సిబుల్ నడిపే మెషిన్ లినక్స్ లేదా మ్యాక్ అయి ఉండాలి. విండోస్‌వాళ్లకు డబ్ల్యూఎస్‌ఎల్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

సర్టిఫికేషన్ల వైపు చూసేవారికీ ఈ సాధన వృథా కాదు. సీసీఎన్‌ఏ పరీక్షలో 10 శాతం ఆటోమేషన్ అంశాలకు కేటాయించారు. రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఈ పరీక్ష పూర్తిగా యాన్సిబుల్ మీదే, అదీ మెషిన్ ముందు కూర్చుని చేసి చూపించాలి.

రెజ్యూమెలో ఇలా...

‘ఎస్‌ఎస్‌హెచ్, షెల్ స్క్రిప్టింగ్ తెలుసు’ అని రాస్తే పది మందిలో ఒకరవుతారు. ‘లినక్స్, విండోస్, మ్యాక్ మెషిన్ల నుంచి డిస్క్ వివరాలు సేకరించి, చేరలేని మెషిన్లనూ, ఫెయిలైన కమాండ్లనూ విడిగా చూపే స్క్రిప్టు రాశాను’ అని రాస్తే ప్రశ్నలు మీకు తెలిసిన చోటుకే వస్తాయి. కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టి, పాస్‌వర్డ్‌లు, కీలు లేవని చూసుకుని, మూడో వారంలో ఏం చెడగొట్టారో, స్క్రిప్టు ఏం చెప్పిందో ఒక పేజీ రాయండి. బాగా నడిచిన స్క్రిప్టు కన్నా ఆ పేజీయే మీ గురించి ఎక్కువ చెబుతుంది.

వెళ్లేముందు వీటికి జవాబులు సిద్ధం చేసుకోండి:

* ఎస్‌ఎస్‌హెచ్ 255 ఇచ్చిందంటే ముందుగా ఏం చూస్తారు?
* ‘టీ’కి పైప్ చేస్తే అసలు కమాండ్ ఫెయిలయిందని ఎలా తెలుస్తుంది?
* చేత్తో నడిచిన కమాండ్ స్క్రిప్టులో నడవకపోతే కారణాలేంటి?
* విండోస్ నుంచి వచ్చిన లాగ్‌లో ‘గ్రెప్’ ఏమీ చూపించకపోతే దేన్ని అనుమానిస్తారు?
* ఎక్స్‌పెక్ట్ ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు?

ఇప్పుడు మళ్లీ ఆ ఇంటర్వ్యూ గదికి వద్దాం. ‘‘మిగతా రెండు ఏమయ్యాయి?’’

‘‘సర్, నా రిపోర్టులో 38 కాదు, 40 వరసలుంటాయి. ఒకటి 255, చేరలేకపోయాం. నెట్‌వర్క్ టీమ్‌కు చెప్పాలి. ఇంకోటి 124, డిస్క్ కమాండ్ గడువులోపు తిరిగి రాలేదు. ముందు దాన్నే చూడాలి సర్, అక్కడ డిస్కుకే సమస్య ఉండొచ్చు.’’

ఈ జవాబు ఏ గైడ్‌లోనో బట్టీపడితే వచ్చేది కాదు. సొంతంగా నాలుగుసార్లు చెడగొట్టి, నాలుగుసార్లు బాగుచేసినవారి నోట్లోంచే వస్తుంది. ఫోన్, ల్యాప్‌టాప్ మీ దగ్గరే ఉన్నాయి. ఈ రాత్రికే మొదటి కమాండ్ పంపి చూడండి. అది ఏమందో మాత్రం రాసిపెట్టుకోవడం మరవొద్దు.